40 బై-ఇన్‌ల నియమం, రెండేళ్లు పాటించాక

మొదట్లో నాకు బ్యాంక్‌రోల్, అంటే పోకర్ ఆడటానికి విడిగా పెట్టుకునే డబ్బు, అనే ఆలోచనే లేదు. జీతంలో ఎంతో కొంత మిగిలితే ఐదు బై-ఇన్‌లు (ఒక్కో బై-ఇన్ అంటే టేబుల్లో కూర్చోవడానికి తెచ్చుకునే మొత్తం) వేసేవాణ్ణి, వారం తిరిగేలోపు అవి పోయేవి, మళ్లీ వేసేవాణ్ణి, ఏడాదిలో మొత్తం ఎంత పోయిందో లెక్క కూడా లేదు. తర్వాత పోకర్ డబ్బుని ఇంటి ఖర్చుల నుంచి పూర్తిగా విడదీసి, ఒక స్టేక్ (పందెం స్థాయి) ఆడాలంటే 40 బై-ఇన్‌లు ఉండాలి, 30కి తగ్గితే కింది స్టేక్‌కి దిగాలి అని పెట్టుకున్నాను. క్యాష్ గేమ్‌లో, అంటే టోర్నమెంట్ కాకుండా నేరుగా డబ్బుతో ఆడే ఆటలో, బై-ఇన్ అంటే మామూలుగా 100 బిగ్ బ్లైండ్‌లు; బిగ్ బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే ఒక ఆటగాడు తప్పనిసరిగా పెట్టే పందెం.

40 మరీ ఎక్కువ కాదా అని చాలామంది అడుగుతారు. ఆరుగురి నో-లిమిట్ (పందేనికి పరిమితి లేని) టేబుల్లో ప్రతి 100 హ్యాండ్‌లకి (పంపకాలకి) ఊగిసలాట, అంటే స్టాండర్డ్ డీవియేషన్, దాదాపు 90 బిగ్ బ్లైండ్‌లు ఉంటుంది, అదే 10,000 హ్యాండ్‌లకి 900 (హ్యాండ్‌లు 100 రెట్లయితే ఊగిసలాట 10 రెట్లే పెరుగుతుంది), అంటే 9 బై-ఇన్‌లు. ప్రతి 100 హ్యాండ్‌లకి 3 బిగ్ బ్లైండ్‌లు గెలిచే మంచి ఆటగాడికి కూడా ఆ 10,000 హ్యాండ్‌ల మీద సగటున వచ్చేది 3 బై-ఇన్‌లే, కాబట్టి బాగా ఆడుతూనే ఆరు బై-ఇన్‌లు కింద ఉండటం మామూలే. జత రాజుల మీద జత ఆసులతో మొత్తం పెట్టినా వందలో దాదాపు 18 సార్లు ఓడిపోతాం. ఈ లెక్క అర్థమయ్యాకే నాకు టెన్షన్ తగ్గింది.

కష్టమైన పని కిందికి దిగడం. ఒకసారి 45 దాటాక, మూడు బై-ఇన్‌లు పోతే ఆపేస్తానని అనుకుని పై స్టేక్‌కి వెళ్లాను, మూడూ పోయాయి, కోపంలో ఇంకో మూడు వేశాను, అవీ పోయాయి. అది టిల్ట్ (కోపంలో అదుపు తప్పి ఆడటం), ఇంకేం కాదు. అప్పట్నుంచి మూడు పోగానే లాప్‌టాప్ మూసేస్తున్నాను. 2006లో సున్నా నుంచి మొదలుపెట్టి 10,000 డాలర్లకి చేరిన పోకర్ ఆటగాడు క్రిస్ ఫెర్గూసన్ కూడా తన బ్యాంక్‌రోల్‌లో క్యాష్ గేమ్‌లో 5 శాతానికి మించి, పెద్ద టోర్నమెంట్లో 2 శాతానికి మించి పెట్టకూడదని నియమం పెట్టుకున్నాడు, అక్కడికి చేరడానికి ఏడాది పైనే పట్టింది.

లోపాలూ ఉన్నాయి. చాలా నెమ్మది, విసుగొస్తుంది. టోర్నమెంట్లకి 40 చాలవు, కనీసం 100 ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇది ఆట నేర్పదు: రేక్ (ఆట నడిపేవాళ్లు తీసుకునే వాటా) పోను మిగలనివాడికి డబ్బు మెల్లగా పోతుంది, అంతే. రెండు మెట్లు వరసగా దిగాల్సి వస్తే ఆడటం ఆపి, ఓడిన హ్యాండ్‌లు తిరిగి చూసుకోండి. నాకు అక్కడే బయటపడింది, బ్లైండ్‌లలో (తప్పనిసరి పందెం పెట్టాల్సిన చోట్లలో) కూర్చున్నప్పుడు అనవసరంగా కాల్ చేస్తున్నానని, అంటే ఎదుటివాళ్ల పందేనికి సమానంగా పెట్టి ఆటలో ఉండిపోతున్నానని.

ప్రస్తుతం 34 దగ్గర ఉన్నాను. ఇంకో నాలుగు పోతే దిగిపోతాను, అక్కడ బై-ఇన్ సగమే కాబట్టి ఆ 30 కాస్తా 60 అవుతాయి.