డేటా ఎంట్రీ కిట్ కొనబోయే ఇంటర్ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు జాగ్రత్త హెచ్చరిక

ఇంటర్, పాలిటెక్నిక్ చదివే పిల్లలు సెలవుల్లో ఇంటి నుంచే చేసుకోదగిన టైపింగ్ పని అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ‘డేటా ఎంట్రీ కిట్’ కొనాలని ఆలోచిస్తున్నవారు, ముఖ్యంగా పిల్లల తరఫున తమ ఫోన్ నుంచి డబ్బు కట్టబోతున్న పెద్దవాళ్లు, దయచేసి కట్టే ముందు ఇది చదవండి. ప్రకాశం జిల్లాలో దర్శికి దగ్గరగా ఉన్న మా ఊళ్లో, మా తమ్ముడి కొడుకు విషయంలో జరిగినదాన్ని ఇక్కడ రాస్తున్నాను. అబ్బాయికి 17 ఏళ్లు. కిట్ కోసం కట్టిన 2,950 రూపాయలు పోయాయి, అది నిజమే. అయితే కొన్న తర్వాత కొద్దిరోజులకే ‘ఒప్పందం ఉల్లంఘించారు, నష్టపరిహారం కట్టండి’ అంటూ వచ్చే రెండో డిమాండే ఈ వ్యవహారానికి ఆయువుపట్టు అని, మొదటి రుసుము కేవలం ఎర అని, మొత్తం చూశాక నాకు అర్థమైంది.

పల్లెల్లో ఆ వయసు పిల్లలకు దొరికే పనులేమిటో మనకు తెలియనివి కావు. మిరప కోతలు, పెళ్లిళ్ల కాలంలో క్యాటరింగ్ వాళ్ల వెంట వడ్డనకు వెళ్లడం, టెంట్ హౌస్ సామాను ఎక్కించి దించడం, ఇంతకు మించి పెద్దగా ఉండవు. ఉపాధి హామీ పనికి వెళ్లాలంటే 18 ఏళ్లు నిండాలి. పట్నంలో అయితే కాలేజీ వదిలాక సాయంత్రం రెండు మూడు గంటలు ఏదో ఒక దుకాణంలో పనిచేయవచ్చు గానీ, మా ఊరి నుంచి దర్శి వెళ్లి అలా పనిచేసే పిల్లవాడికి తిరిగి రావడానికి బస్సు ఉండదు. అందువల్ల ‘ఫోన్ ఉంటే చాలు, ఊరు దాటనక్కర లేదు’ అనే మాట మన పిల్లలకు పట్నం పిల్లలకన్నా ఎక్కువ ఆశ పుట్టిస్తుంది. పరీక్షలు ముగిసి, ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షకు ఇంకా సమయం ఉన్న రోజుల్లోనే ఈ ప్రకటన కాలేజీ వాట్సాప్ గ్రూపులోకి రావడం కూడా లెక్క చూసుకుని చేసిన పనేనని నా అభిప్రాయం. మా అబ్బాయికి లింకు పంపింది తోటి విద్యార్థే. ఒక్కొక్కరిని చేర్పిస్తే 300 రూపాయలు ఇస్తామని అతనికీ ఆశ చూపించారట.

కొనుగోలు వ్యవహారమంతా పైకి ఎంతో పద్ధతిగా నడిచింది. తెలుగు చక్కగా మాట్లాడే ఒకామె ఫోన్ చేసి, ‘తమ్ముడూ’ అని ఆదరంగా పిలుస్తూ పని వివరించింది. 400 ఫారాలు, ఒక్కో ఫారానికి 40 రూపాయలు, ఐదు రోజుల గడువు, చేతికి వచ్చేది 16,000 రూపాయలు. సాఫ్ట్‌వేర్, లాగిన్ ఐడీ, శిక్షణ వీడియోలు అన్నీ కలిపి కిట్ ధర 2,950 రూపాయలని, మొదటి జీతంతో పాటు దాన్ని కూడా తిరిగి ఇచ్చేస్తామని చెప్పింది. ఆధార్ కార్డుకు ముందూ వెనకా ఫోటోలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, తెల్ల కాగితం మీద చేసిన సంతకం ఫోటో పంపమన్నారు. ఆధార్‌లో పుట్టిన తేదీ స్పష్టంగా కనిపిస్తున్నప్పటికీ వయసు ప్రస్తావన ఎవరూ తేలేదు. డబ్బు వెళ్లిన యూపీఐ ఖాతా సంస్థ పేరు మీద లేదు, ఎవరో ఒక వ్యక్తి పేరు మీద ఉంది. పిన్ నొక్కే ముందు తెర మీద ఆ పేరు కనిపిస్తుంది కాబట్టి, మీరు మాత్రం అక్కడ ఒక్క క్షణం ఆగి చదవండి.

మా తమ్ముడు సందేహం వెలిబుచ్చగానే, ‘మాకు ప్రభుత్వ గుర్తింపు ఉంది’ అంటూ ఒక ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పంపించారు. పైన నాలుగు సింహాల చిహ్నం, కేంద్ర మంత్రిత్వ శాఖ పేరు, పక్కన క్యూఆర్ కోడ్. చూసినవారికి సహజంగానే నమ్మకం కలుగుతుంది. 2020 జూలైలో మొదలైన ఈ ఉద్యమ్ నమోదు చిన్న వ్యాపారాల కోసం ఏర్పాటు చేసిన ఉచిత ఆన్‌లైన్ సౌకర్యం. వ్యాపారి తన వివరాలను తానే ప్రకటించుకుంటే సర్టిఫికెట్ వస్తుంది. అది అసలుదే అయినా, ఆ సంస్థ నిజాయితీని ఏ అధికారీ వచ్చి పరిశీలించినట్టు కాదు. దానితో పాటు పంపిన జీఎస్టీ సంఖ్యను తర్వాత జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే, నమోదు రద్దయిన ఏదో బట్టల దుకాణం వివరాలు వచ్చాయి. ఈ వెతుకులాటకు లాగిన్ అవసరం లేదు, ఖర్చు లేదు, ఫోన్‌లోనే చేయవచ్చు.

ఇక పని సంగతి. ఫారాలంటే నింపడానికి ఇచ్చిన దరఖాస్తులు కావు, ఫోటో తీసిన కాగితాలు. ఒక్కో కాగితంలో పేరు, చిరునామా, పాలసీ నంబరు, ఈమెయిల్ వంటి పాతిక ముప్ఫై గడులు ఉంటాయి. తర్వాత నేను దగ్గర కూర్చుని కొన్నింటిని పెద్దవి చేసి చూశాను. ఇంగ్లిష్ అక్షరం ‘ఓ’ ఎక్కడ, సున్నా ఎక్కడ అన్నది కళ్లజోడు పెట్టుకున్నా తెలియదు. చిన్న ‘ఎల్’, ‘ఒకటి’ అంకె ఒకేలా ఉంటాయి. కొన్ని చోట్ల కామా తర్వాత ఒక ఖాళీ, కొన్ని చోట్ల రెండు ఖాళీలు. ఉన్నది ఉన్నట్టుగా, ఖాళీతో సహా, టైపు చేయాలన్నది నిబంధన. చదవలేనంత మసకగా ఉంచి, పొల్లు పోకుండా దించమనడం ఎందుకో వేరే చెప్పనక్కర లేదు. కాపీ చేసి అతికించే వీలు లేకుండా సాఫ్ట్‌వేర్‌లో కట్టడి చేశారు, ఆ పని మాత్రం నిజంగా శ్రద్ధగా చేశారు. అబ్బాయి రాత్రుళ్లు మేలుకొని, వాళ్ల అమ్మ చదివి చెబుతుంటే టైపు చేసి, గడువులోగా అన్నీ పూర్తి చేశాడు. చివరి రోజు సాయంత్రం నుంచి వెబ్‌సైట్ తెరుచుకోలేదు. తెరుచుకునే సరికి గడువు ముగిసినట్టు చూపించింది.

మర్నాడు ‘క్యూసీ రిపోర్ట్’, అంటే పని నాణ్యతను తనిఖీ చేశామంటూ ఒక నివేదిక, వచ్చింది. కచ్చితత్వం 90 శాతం ఉండాల్సింది 82 మాత్రమే ఉందని, కాబట్టి జీతం రాదని, సాఫ్ట్‌వేర్ వాడుకున్నందుకు ఒప్పందం ప్రకారం 6,800 రూపాయలు అబ్బాయే తిరిగి చెల్లించాలని అందులో ఉంది. ఏ ఫారంలో ఏ తప్పు అని అడిగితే సమాధానం లేదు. ‘తమ్ముడూ’ అన్న ఆమె నంబరు పనిచేయడం మానేసింది. ఆమె స్థానంలో న్యాయవాదినని చెప్పుకునే ఒకతను రంగప్రవేశం చేసి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద అబ్బాయి ఆధార్ ఫోటో, తెల్ల కాగితం మీది సంతకం అతికించిన ఒప్పంద పత్రాన్ని పంపించాడు. సాయంత్రంలోగా డబ్బు రాకపోతే వేరే రాష్ట్రంలోని కోర్టులో కేసు వేస్తామని, పోలీసులు ఇంటికి వస్తారని, కాలేజీకి కూడా నోటీసు వెళ్తుందని, ఇక ఏ ఉద్యోగమూ రాదని గంట గంటకూ ఫోన్. అబ్బాయి అన్నం మానేసి, ‘పెదనాన్నా, నాన్నను జైల్లో పెడతారంట’ అంటూ నా దగ్గరకు వచ్చాకే ఈ విషయం మాకు పూర్తిగా తెలిసింది. ఊళ్లో పరువు పోతుందన్న భయంతో మా తమ్ముడు అప్పటికే వడ్డీకి తెచ్చి కట్టడానికి సిద్ధపడ్డాడు. మాకు తెలిసిన ఒక ప్లీడరు గారు ఆపకపోతే కట్టేవాడే.

ఆయన చెప్పిన విషయం ప్రతి ఇంటిలోనూ తెలియవలసినది. 1872 నాటి భారత ఒప్పంద చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. 18 ఏళ్లు నిండనివారు చేసిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ మోహోరీ బీబీ కేసులో తేల్చింది, మన కోర్టులు నేటికీ ఆ తీర్పునే అనుసరిస్తున్నాయి. అంటే ఆ స్టాంపు పేపరు మీద ఏమి రాసి ఉన్నా, 17 ఏళ్ల పిల్లవాడి నుంచి దాని ఆధారంగా పైసా వసూలు చేయడం కుదరదు. 18 దాటినవారి విషయంలో కూడా, డబ్బు బాకీ అనేది సివిల్ తగాదా మాత్రమే. అందుకోసం పోలీసులు ఇంటికి వచ్చి అరెస్టు చేయరు. లాయరు నోటీసు అంటే ఒక పక్షం తరఫున రాసిన ఉత్తరం, కోర్టు ఉత్తర్వు కాదు. పైగా ఇలా భయపెట్టి డబ్బు లాగడమే భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు నేరం, మోసం 318వ సెక్షన్ కిందకు వస్తుంది. కాబట్టి రెండో డిమాండ్‌కు ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. ‘సగం కట్టండి, కేసు మూసేస్తాం’ అన్నా కట్టవద్దు, ఎందుకంటే భయపడే ఇల్లు ఏదో వారికి దానితో తెలిసిపోతుంది.

మేము సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాము. డబ్బు పోయిన వెంటనే, వీలైతే మొదటి గంటలోనే, చేస్తే ఆ మొత్తం అవతలి ఖాతాలో ఉండగానే నిలిపివేసే అవకాశం ఉంటుంది. మా విషయంలో ఆ సమయం దాటిపోయింది. తర్వాత ఫిర్యాదు సంఖ్యను, అబ్బాయి పుట్టిన తేదీని, మైనరుతో చేసిన ఒప్పందం చెల్లదన్న మాటను ఒకే సందేశంలో ఆ ‘న్యాయవాది’కి పంపించి, ఇక ఫోన్ ఎత్తవద్దని అబ్బాయికి చెప్పాము. ఇంకో రెండు కొత్త నంబర్ల నుంచి బెదిరింపులు వచ్చి ఆగిపోయాయి. కోర్టు నుంచి ఏమీ రాలేదు. కొన్న వస్తువు విషయంలో మోసం కాబట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కూడా చెప్పవచ్చు. ఆధార్ నకళ్లు వారి దగ్గరే ఉన్నాయన్న దిగులు మాత్రం తీరలేదు. వేలిముద్రలతో ఆ ఆధార్‌ను ఎవరూ వాడలేకుండా బయోమెట్రిక్ లాక్ చేయించాము. ఇకపై ఎక్కడైనా ఇవ్వవలసి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడం మేలు.

ఇదే గ్రూపుల్లో ఇంకో రకం ‘పని’ కూడా తిరుగుతోంది. బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును నెలకు అద్దెకు ఇస్తే కమిషన్ ఇస్తామంటారు. దాని జోలికి అసలు పోవద్దు. ఎవరి దగ్గరో దోచిన సొమ్ము ఆ ఖాతా గుండా పోతుంది, పోలీసులు మొదట వచ్చేది ఖాతాదారుడి ఇంటికే. పైన చెప్పిన మైనరు రక్షణ ఒప్పందాలకే గానీ నేరాలకు వర్తించదు.

పిల్లలు పని చేయకూడదని నేను అనడం లేదు. కౌన్సెలింగ్, ప్రవేశాల కాలంలో మీసేవ, జిరాక్స్ కేంద్రాలకు టైపింగ్ వచ్చిన పిల్లలు అవసరమవుతారు. ఎరువుల దుకాణాల్లో ఖరీఫ్ మొదట్లో లెక్కలు రాసేవారు కావాలి. చిన్న తరగతుల ట్యూషన్ ఊళ్లోనే చెప్పవచ్చు. 14 దాటి 18 నిండనివారిని గనుల్లో, పేలుడు పదార్థాలున్న చోట పెట్టడం 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం నేరం కనుక, చీమకుర్తి వైపు క్వారీల్లో కూలి ఎక్కువ వస్తుందని ఎవరైనా చెప్పినా పంపవద్దు. పని నేర్చుకోవాలంటే గ్రామీణ పేద కుటుంబాల యువతకు 15 ఏళ్ల నుంచే అవకాశమున్న దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన శిక్షణ ఉచితం. నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో నమోదుకూ రుసుము లేదు. ఆ పేర్లు చెప్పి ఎవరైనా ‘ప్రాసెసింగ్ ఫీజు’ అడిగితే, అది కూడా ఇదే బాపతు.

ఇలాంటి నోటీసు ఇప్పటికే మీ ఇంటికి వచ్చి ఉంటే, కోపంతోనో భయంతోనో ఆ నంబరును బ్లాక్ చేసి చాట్ మొత్తం తొలగించకండి. డబ్బు కట్టినప్పటి యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య), చాట్ స్క్రీన్‌షాట్లు, వారు పంపిన స్టాంపు పేపరు పీడీఎఫ్, ఫోన్ వచ్చిన నంబర్లు, తేదీలు ఒకచోట దాచి ఉంచండి, వీలైతే ఒక ప్రతి అచ్చు తీయించండి. ఫిర్యాదు రాసుకునేటప్పుడు మమ్మల్ని మొదట అడిగినవి అవే.