క్లోన్ చేశాక విండోస్ బూట్ కావట్లేదు: రిపేరా, ఫార్మాటా, ఏది మేలు?

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొత్త ఎన్‌వీఎంఈ డ్రైవ్ (సాటా కంటే వేగమైన కొత్త తరహా ఎస్ఎస్‌డీ) కొని, పాత సాటా ఎస్ఎస్‌డీలోని విండోస్‌ని అందులోకి క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు కాపీ చేసి), ఆన్ చేయగానే బ్లూ స్క్రీన్ చూసినవాళ్లు ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే: "ఇక ఫార్మాట్ కొట్టేయడమేనా?" పోయిన నెల మారతహళ్ళిలో మా బావగారి ల్యాప్‌టాప్‌కీ ఇదే అయింది. డ్రైవ్ కొన్న షాపులో కూడా ఫార్మాటే చెప్పారు. నాకు మనసొప్పలేదు.

ఫార్మాట్‌లో మంచి లేదనను. గంటలో శుభ్రమైన విండోస్ వస్తుంది. మదర్‌బోర్డ్ అదే కాబట్టి డిజిటల్ లైసెన్స్ మళ్లీ కొనక్కర్లేదు. అసలు పని ఆ గంట తర్వాత మొదలవుతుంది. బావగారు ఇంటి నుంచే నలుగురైదుగురికి జీఎస్టీ రిటర్నులు వేస్తారు. డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్, ట్యాలీ, ప్రింటర్, తెలుగు కీబోర్డ్, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, ఇవన్నీ మళ్లీ కూర్చుకునేసరికి రెండు సాయంత్రాలు పోతాయి. రిటర్నుల గడువైన ఇరవయ్యో తేదీ దగ్గర పడుతుంటే ఆ టెన్షన్ వేరు.

రిపేరా, ఫార్మాటా అన్నది నేను ఒక్క విషయం చూసి తేలుస్తాను: మెషీన్ ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

విండోస్ లోగో వచ్చి, చుక్కలు తిరిగి, ఆ తర్వాత "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని బ్లూ స్క్రీన్ పడిందంటే (స్టాప్ కోడ్ 7బి), నాకు సగం ధైర్యం వచ్చినట్టే. విండోస్‌ని మొదలుపెట్టే బూట్ లోడర్ డిస్క్‌ని యూఈఎఫ్ఐ (మదర్‌బోర్డ్‌లోనే ఉండే స్టార్టప్ సాఫ్ట్‌వేర్) సాయంతో చదువుతుంది, అందుకే లోగో దాకా వచ్చింది. అక్కడి నుంచి కెర్నల్ (విండోస్‌లోని ప్రధాన భాగం) తన సొంత డ్రైవర్‌తో చదువుకోవాలి. ఇన్నాళ్లూ సాటా మీద నడిచిన విండోస్‌లో ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఫైలు ఉంటుంది కానీ, బూట్ సమయంలోనే లోడ్ అయ్యేలా పెట్టి ఉండకపోవచ్చు. అప్పుడు తానున్న డిస్కే తనకు కనబడదు. ఫైళ్లు చెడలేదు, దారి తెలియలేదంతే. దీనికి ఫార్మాట్ చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ముందు బయోస్‌లో (అంటే యూఈఎఫ్ఐ సెట్టింగ్స్‌లో) స్టోరేజ్ మోడ్ చూడండి. ఏహెచ్‌సీఐ, రెయిడ్, వీఎండీ అనే మోడ్‌లలో మునుపు ఏది ఉందో అదే ఉండాలి. అది సరిగ్గానే ఉంటే సేఫ్ మోడ్ (అవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే పద్ధతి) ప్రయత్నించండి. రెండు మూడుసార్లు బూట్ విఫలమయ్యాక రికవరీ మెనూ దానంతటదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ స్టోరేజ్ డ్రైవర్లను లోడ్ చేసి, ఉన్న డిస్క్‌ని గుర్తుపడుతుంది. ఒకసారి లాగిన్ అయి మామూలుగా రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది. బావగారిది పది నిమిషాల్లో లేచింది.

లోగో కూడా రాకుండా "బూట్ డివైస్ లేదు" అంటే అది వేరే జబ్బు. క్లోన్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్ (డిస్క్‌లో బూట్ ఫైళ్లుండే చిన్న భాగం) రాలేదు, లేదా బూట్ వివరాలు ఇంకా పాత డిస్క్‌నే చూపిస్తున్నాయి. ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్‌కు ఒక డ్రైవ్ అక్షరం (సి, డి లాంటిది) ఇచ్చి, బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లు మళ్లీ రాయించాలి. కొంచెం ఓపిక కావాలి, అయినా నా ఓటు రిపేర్‌కే.

పాత డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు (చెడి, చదవడానికి వీల్లేని చోట్లు) ఉండి, క్లోనింగ్‌లోనే రీడ్ ఎర్రర్లు వచ్చి ఉంటే మాత్రం నేనూ ఫార్మాటే అంటాను. చెడిన ఫైళ్లే కొత్త డిస్క్‌లోకి వచ్చి ఉంటాయి. ఒకరోజు బూట్ అయినా మర్నాడు మరోచోట ఆగుతుంది. డేటా మాత్రం తీసుకుని, విండోస్ కొత్తగా వేసుకోవడం మేలు.

రికవరీ మెనూలోని స్టార్టప్ రిపేర్ ఒకసారి నడిపి చూడండి, దాని మీదే ఆధారపడొద్దు. మళ్లీ క్లోన్ చేయడం కూడా దారే, ఈసారి అన్ని పార్టిషన్లూ ఎంచుకోండి.

ఏ దారిలో వెళ్లినా బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) ఉందేమో ముందే చూసుకోండి. రికవరీలో 48 అంకెల కీ అడుగుతుంది. సొంత ల్యాప్‌టాప్ అయితే సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఆఫీసుదైతే ఐటీ వాళ్లను అడగాలి. క్లోన్ తర్వాత మొదటి బూట్‌కి పాత డ్రైవ్ మెషీన్‌లో ఉంచకండి. బావగారి పాత డ్రైవ్ ఇప్పటికీ కవర్‌లో పెట్టి మా బీరువాలోనే ఉంది, ఈ నెల రిటర్నులు అయ్యేదాకా దాన్ని చెరపను.