కడుపు మంటకు జెల్లా, ఫామోటిడినా, పాంటాప్రజోలా: ఏది మేలు?

"సిస్టర్, ఒక గ్యాస్ బిళ్ల ఉంటే ఇస్తారా?"

రాత్రి డ్యూటీలో నేను ఎక్కువగా వినే మాట ఇది. రోగులే కాదు, మంచం పక్కన చాప వేసుకుని పడుకున్న వాళ్ల మనుషులూ అడుగుతారు. బిళ్ల ఇచ్చే ముందు నేను మూడు సంగతులు కనుక్కుంటాను: మంట ఎక్కడ, ఎప్పటి నుంచి, ఇంట్లో ఇప్పటికే ఏం వాడుతున్నారు? మన ఇళ్లలో "గ్యాస్ బిళ్ల" అనే ఒక్క పేరు మీద మూడు వేరు వేరు జాతుల మందులు తిరుగుతున్నాయి. మూడూ ఒకటే అనుకుని వాడడం వల్లే సగం మందికి అవి పనిచెయ్యవు.

ముందుగా ఒక్క మాట. ఛాతీ బరువుగా పట్టేసినట్టు ఉండి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే ఈ మూడింట్లో ఏదీ వద్దు. వెంటనే ఈసీజీ తీయించండి. గ్యాస్ అనుకుని జెల్ తాగి తెల్లారేదాకా ఆగి, గుండెపోటుతో వచ్చిన వాళ్లను చూశాను. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి సరిగా తెలియకపోవచ్చు కాబట్టి వాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త.

ఇక జెల్ సంగతి. డైజీన్, జెలూసిల్ లాంటి గులాబీ, తెలుపు సీసాలు అందరికీ తెలిసినవే. వీటిలో ముఖ్యంగా ఉండేవి అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్లు. కడుపులో అప్పటికే ఉన్న యాసిడ్‌ని ఇవి అక్కడికక్కడే విరిచేస్తాయి. అందుకే నిమిషాల్లో హాయిగా అనిపిస్తుంది. కానీ ఖాళీ కడుపుతో తాగితే అరగంట, గంటకు మించి పట్టు ఉండదు. భోజనం చేసిన గంటకు తాగితే రెండు మూడు గంటలు నిలుస్తుంది. సీసా బాగా కుదిపి రెండు చెంచాలు తాగాలి, వెంటనే చెంబెడు నీళ్లు తాగెయ్యకూడదు. బిళ్ల రూపంలో ఉంటే నమలాలి, మింగకూడదు.

అల్యూమినియం మలబద్ధకం చేస్తుంది, మెగ్నీషియం విరేచనాలు చేస్తుంది. రెండూ కలిపి తయారు చేసేది ఒకదాన్ని ఒకటి సరిచేసుకుంటాయనే. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో ఈ రెండూ పేరుకుపోతాయి కాబట్టి వాళ్లు అడగకుండా ముట్టుకోకూడదు. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే పొడుల్లో సోడియం ఎక్కువ. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు వాటిని అలవాటు చేసుకోవద్దు.

రెండో జాతి రానిటిడిన్, ఫామోటిడిన్. యాసిడ్ తయారు చెయ్యమని కడుపు కణాలకు హిస్టమిన్ అనే రసాయనం పంపే సంకేతాన్ని ఇవి అడ్డుకుంటాయి. ఈ జాతిలో మొదట బాగా వాడుకలోకి వచ్చిన సిమెటిడిన్‌ని తయారు చేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. వేసుకున్న గంటకు పని మొదలుపెట్టి పది పన్నెండు గంటలు కాస్తాయి. రాత్రి పడుకోగానే గొంతులోకి పుల్లగా ఎగదన్నే వాళ్లకు బాగా సరిపోతాయి. అయితే వరసగా వాడుతుంటే ఒకటి రెండు వారాల్లోనే ఒళ్లు అలవాటు పడిపోయి పట్టు తగ్గుతుంది.

ఇక్కడ నేను తటస్థంగా ఉండను. ఈ రెండింట్లో ఫామోటిడినే నయం. 2019లో రానిటిడిన్‌లో ఎన్‌డీఎంఏ అనే మలినం కనిపించింది. అది మనుషుల్లో క్యాన్సర్‌కు కారణం కావచ్చని అనుమానం ఉన్న పదార్థం. 2020 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రానిటిడిన్ మొత్తాన్నీ మార్కెట్ నుంచి తీసెయ్యమంది. మన దేశంలో 2022లో అత్యావశ్యక మందుల జాతీయ జాబితా నుంచి దాన్ని తీసేశారు. షాపుల్లో మాత్రం ఇంకా దొరుకుతూనే ఉంది. నిల్వ ఉంచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ ఆ మలినం పెరుగుతుందని తేలింది. మే నెలలో రేకుల ఇంట్లో, కిటికీ గూట్లో నెలల తరబడి పడి ఉండే స్ట్రిప్పును తలుచుకుంటే నాకు భయమేస్తుంది. ఫామోటిడిన్‌తో ఈ గొడవ బయటపడలేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకూ, పెద్దవాళ్లకూ మోతాదు తగ్గించాల్సి రావచ్చు. తగ్గించకపోతే అయోమయం కనిపించవచ్చు.

అసలు మూడోదాని గురించే ఎక్కువ చెప్పాలి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఎసొమెప్రజోల్, అన్నీ ఒక్క ఇంటివే. ఇవి యాసిడ్‌ని చిమ్మే పంపునే మూసేస్తాయి. మూడింట్లో బలమైనది ఇదే. అల్సర్ మానడానికి, నొప్పి బిళ్లలు రోజూ వాడే వాళ్ల కడుపు కాపాడడానికి, అన్నవాహిక ఒరిసిపోయిన వాళ్లకు దీనికి సాటి లేదు. అయినా "నలభై మిల్లీ వాడుతున్నా మంట తగ్గలేదు సిస్టర్" అనేవాళ్లు ఎందుకింతమంది?

ఎప్పుడు వేసుకుంటున్నారని అడిగితే జవాబు దొరుకుతుంది. "టిఫిన్ తిన్నాక", "మంట వచ్చినప్పుడు", "రాత్రి అన్నం తిన్నాక అన్నీ కలిపి ఒకేసారి". కడుపులో పంపులు ఎప్పుడూ తెరుచుకుని ఉండవు. అన్నం పడగానే ఎక్కువ సంఖ్యలో లేస్తాయి. మందు లేచిన పంపునే పట్టుకోగలదు, నిద్రపోతున్నదాన్ని పట్టుకోలేదు. పైగా రక్తంలో ఎక్కువసేపు నిలవదు, గంట గంటన్నరలో సగానికి పడిపోతుంది. అందుకే పరగడుపున వేసుకుని, అరగంట నుంచి గంట లోపు టిఫిన్ తినాలి. మందు రక్తంలోకి చేరే వేళకు పంపులు లేవాలి. పరగడుపున వేసుకుని పదకొండింటి దాకా ఏమీ తినకపోయినా బిళ్ల పట్టు తగ్గిపోతుంది. పూర్తి పట్టు దొరకడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మంట లేచిన క్షణంలో దీన్ని వేసుకుని పది నిమిషాల్లో తగ్గాలని చూడడం అందుకే పొరపాటు. ఆ పని జెల్‌ది.

మా ఇంట్లోనే జరిగిన సంగతి చెప్తాను. మా అమ్మకు థైరాయిడ్ ఉంది. ఆ బిళ్ల పరగడుపునే, ఈ బిళ్ల పరగడుపునే, దానికి తోడు ఉదయం పూటే ఐరన్. మూడూ ఒకే గుక్కలో మింగేది. పైన రెండు చెంచాల జెల్. నర్సు తల్లి అయి ఉండి! తప్పు నాది, నేను కూర్చుని చెప్పలేదు. ఇప్పుడు లేవగానే థైరాయిడ్ బిళ్ల, అరగంటకు పాంటాప్రజోల్, మరో అరగంటకు ఇడ్లీ. ఐరన్ మధ్యాహ్నానికి మార్చాం. జెల్ తాగాల్సి వస్తే థైరాయిడ్ బిళ్లకు నాలుగు గంటల ఎడం, మిగతా మందులకు కనీసం రెండు గంటలు. జెల్‌తో కలిస్తే థైరాయిడ్ బిళ్ల, ఐరన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్ ఒంటికి సరిగా పట్టవు. సిప్రోఫ్లాక్సాసిన్ అయితే జెల్‌కు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి.

మంచాన పడినవాళ్లను, ముక్కులో గొట్టం ఉన్నవాళ్లను చూసుకునే ఇంటివాళ్లకు ఇది తప్పక చెప్పాలి. పాంటాప్రజోల్ బిళ్లను నూరి ఆ ముక్కు గొట్టంలో (రైల్స్ ట్యూబు) పొయ్యకండి. దాని పైపూత కడుపులోని యాసిడ్ నుంచి మందును కాపాడడానికే ఉంది. నూరితే మందు పేగుకు చేరకముందే పాడైపోతుంది. నీళ్లలో కలిపే ఎసొమెప్రజోల్ గుళికల ప్యాకెట్లు ఉంటాయి, అవి రాయమని డాక్టర్‌ని అడగండి. జెల్ కూడా గొట్టంలో పోసే ఆహారంతో (ఫీడ్) కలిసి గడ్డకట్టి ట్యూబు మూసెయ్యగలదు. ముందూ వెనకా నీళ్లు పోసి కడగాలి. ఫీడ్ ఇచ్చేటప్పుడు, ఆ తర్వాత కనీసం అరగంట తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. ఇంట్లో మంచమైతే తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టండి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. రెండు దిండ్లు పెడితే నడుం దగ్గర మడత పడి కడుపు నొక్కుకుంటుంది, మంట ఇంకా పెరుగుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోబెడితే ఎగదన్నడం తగ్గుతుంది.

మరి పాంటాప్రజోల్‌తో డొంపెరిడోన్ కలిపిన గొట్టం బిళ్ల (క్యాప్సూల్)? చాలామంది దాన్నే మామూలు గ్యాస్ బిళ్లనుకుని ఏళ్ల తరబడి మింగుతున్నారు. డొంపెరిడోన్ వాంతులకు, వికారానికి ఇచ్చేది. గుండె లయ తప్పించే ప్రమాదం ఉందని 2014లో ఐరోపా మందుల సంస్థ దాన్ని రోజుకు 30 మిల్లీగ్రాములకు, సాధారణంగా వారం రోజులకు పరిమితం చేసింది. వాంతులు లేనివాళ్లకు అది ఎందుకు? ఉట్టి పాంటాప్రజోల్ చాలు.

ఇంతకీ ఎవరికి ఏది? ఆదివారం మటన్ తిని నెలకొకసారి మంట పుట్టేవాళ్లకు జెల్ చాలు. వారానికి ఒకటి రెండు రాత్రులు ఇబ్బంది పడేవాళ్లకు ఫామోటిడిన్. అంతకంటే తరచుగా వస్తే పాంటాప్రజోల్, అదీ డాక్టర్ చూసి చెప్పినన్నాళ్లు, మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు. అల్సర్ ఉంటే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా పరీక్ష చేయించాలి. అది ఉన్నంతకాలం ఒక్క గ్యాస్ బిళ్లతో అల్సర్ మళ్లీ మళ్లీ వస్తుంది. మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వచ్చినా, వాంతి కాఫీ మడ్డిలా ఉన్నా, మింగడం కష్టమైనా, ఊరికే బరువు తగ్గుతున్నా ఇంట్లో ఏ మందూ ప్రయత్నించకుండా ఆసుపత్రికి రండి. ఐరన్ బిళ్లలకూ మలం నల్లబడుతుంది గానీ అంత జిగట, అంత వాసన ఉండవు.

పాంటాప్రజోల్‌ని ఏళ్ల తరబడి వాడితే బీ12, మెగ్నీషియం తగ్గవచ్చు, ఎముకలు విరిగే ముప్పు కొంత పెరగవచ్చు. అలాగని ఈ మాట చదివి రేపే మానెయ్యకండి. ఒక్కసారిగా ఆపితే అణచిపెట్టిన యాసిడ్ పొంగి, మంట కొన్నాళ్లు ముందుకంటే ఎక్కువవుతుంది. "చూశారా, ఇది లేకపోతే బతకలేను" అని జనం మళ్లీ మొదలుపెట్టేది అక్కడే. రోజు విడిచి రోజుకు తగ్గించుకుంటూ, మధ్యలో మంట వస్తే జెల్ తాగుతూ దిగాలి. గుండెకు స్టెంట్ వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి వాడుతున్నవాళ్లు, కీళ్లనొప్పులకు రోజూ నొప్పి బిళ్ల వేసుకునే పెద్దవాళ్లు మాత్రం సొంతంగా అసలు ఆపకూడదు. వాళ్లకు అది మంట తగ్గించడానికి కాదు, రక్తస్రావం కాకుండా ఇచ్చింది. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు ఒమెప్రజోల్, ఎసొమెప్రజోల్ కాకుండా పాంటాప్రజోల్ రాస్తారు, మొదటి రెండూ ఆ మందు పనిని తగ్గిస్తాయి కాబట్టి. షాపతను "ఇది అదే మందు" అని వేరేది ఇస్తే పేరు చదివి తీసుకోండి.