బ్యూక్ రోడ్‌మాస్టర్ ఎస్టేట్ 1995: పదకొండేళ్ల వాడకం తర్వాత సమీక్ష

బరువు మోస్తూ అలసట తెలియకుండా రోజంతా హైవే మీద నడపగలిగే బండి కావాలంటే ఈ వ్యాగన్‌ని మించింది దొరకడం కష్టం. టెక్సస్‌లో మనవాళ్లు చాలామంది ఉండే డల్లాస్ పక్కనే, ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీలో ఇవి తయారయ్యాయి. 1996తో ఆగిపోయాయి. 1994 నుంచి వచ్చినవాటిలో ఎల్‌టీ1 ఇంజిన్ ఉంటుంది: 5.7 లీటర్ల వీ8, 260 హార్స్‌పవర్. కొనేటట్టయితే 1994 నుంచి 1996 దాకా వచ్చిన బళ్లే చూడండి.

సీట్లన్నీ మడిస్తే 4×8 అడుగుల ప్లైవుడ్ షీట్ నేల మీద చదునుగా పడుతుంది. వెనక తలుపు పక్కకీ తెరుచుకుంటుంది, కిందికీ వాలుతుంది. మూడో వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగి కూర్చుంటారు. పిల్లలకి ఆ చోటంటే ప్రాణం. రెండో వరుస పైన గాజు కప్పు ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో దాని తెర తప్పకుండా మూయాలి. మైలేజీ గ్యాలనుకి ఊళ్లో 15, హైవేలో 23 మైళ్లు.

ఇక అసలు సంగతి ఆప్టీస్పార్క్, అంటే స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. ఈ ఇంజిన్‌లో దాన్ని ముందువైపు, సరిగ్గా వాటర్ పంపు కిందే పెట్టారు. పంపు సీలు అరిగితే వీప్ హోల్ (పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం) నుంచి కారే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, నేరుగా దాని మీదే పడుతుంది. వాన రోజుల్లో మిస్‌ఫైర్, వేడి మీద మళ్లీ స్టార్ట్ కాకపోవడం, కంప్యూటర్‌లో లోపం కోడ్ 16 గానీ 36 గానీ రావడం దీని గుర్తులు. ఈ బండిలో దాని లోపలి తేమని లాగేసే వ్యాక్యూమ్ గొట్టం ఇచ్చారు. దాని చెక్ వాల్వ్ మూసుకుపోతే లోపల తుప్పు మొదలవుతుంది. వాల్వ్‌ని నోటితో ఊది చూడండి, గాలి ఒకవైపే వెళ్లాలి.

చవక రకం కొత్త యూనిట్ కొని బిగించకండి. పాతదాంట్లో మిత్సుబిషి ఆప్టికల్ సెన్సర్, బేరింగ్ బాగుంటే క్యాప్, రోటర్ మారిస్తే చాలు. సెన్సర్ గానీ బేరింగ్ గానీ దెబ్బతింటేనే మొత్తం మార్చాలి. వాటర్ పంపుకి అటు మూడు, ఇటు మూడు బోల్టులు. విప్పే ముందు డిస్ట్రిబ్యూటర్‌కి ప్లాస్టిక్ కవరు గట్టిగా చుట్టండి, కూలెంట్‌ని ముందే ఎంత దించేసినా కొంత ఒలుకుతుంది. క్రాంక్ హబ్ (క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసకి బిగించే భాగం) లాగాల్సి వస్తే అది ఉన్న చోటికి ముందే గీత గీసి గుర్తు పెట్టుకోండి, దాన్ని ఒకే చోట కూర్చోబెట్టే కీ ముక్క ఉండదు. చేయి పెట్టినప్పుడే టైమింగ్ కవర్ మీది మూడు సీళ్లూ మార్చేయండి: క్రాంక్‌ది, పంపు షాఫ్ట్‌ది, డిస్ట్రిబ్యూటర్‌ది. వాటికని మళ్లీ ఇదంతా విప్పాలంటే ఒక రోజు పోతుంది.

కూలెంట్ నింపేటప్పుడు థర్మోస్టాట్ హౌసింగ్ మీది ఇత్తడి స్క్రూ కాస్త వదులు చేయండి. బుడగలు ఆగి నీళ్లు ధారగా వచ్చాకే బిగించాలి, అదీ మెల్లగా. ఈ ఇంజిన్‌లో కూలెంట్ మొదట సిలిండర్ హెడ్లకి వెళ్తుంది, గాలి మిగిలితే వేడెక్కేది అవే.

1995 బండికి 16 పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ మామూలు ఓబీడీ2 రీడర్‌తో (లోపం కోడ్లు చదివే పరికరం) మాట్లాడదు. దాన్ని చూసి కంప్యూటర్ పాడైందనుకోవద్దు. గేర్‌బాక్స్‌లో ముందు పోయేది 3-4 క్లచ్, అంటే మూడు, నాలుగు గేర్లకి పనిచేసే క్లచ్. ట్రైలర్ లాగేటప్పుడు లీవర్‌ని ఓవర్‌డ్రైవ్‌లో కాక డీలో ఉంచండి. వెనక ఎయిర్ షాక్‌ల (గాలితో బండి ఎత్తు నిలిపే షాక్ అబ్జార్బర్లు) గొట్టాలు ఎండి పగులుతాయి. బరువు వేసినప్పుడు వెనకభాగం కుంగితే కంప్రెసర్‌ని అనుమానించే ముందు వాటికి సబ్బునీళ్లు రాసి చూడండి. టైర్లు 225/75ఆర్15, ఈ సైజులో మంచివి తక్కువ, కనపడ్డప్పుడే కొనండి.

పక్కల చెక్కలా కనపడే వినైల్ ఎండకి తెల్లబోతుంది, ఒకసారి పగిలితే తిరిగి రాదు. కొనబోయే బండికి దక్షిణపు ఎండ తగిలే పక్క ఏదో కనుక్కుని, ముందు ఆ పక్కనే వేలితో రుద్ది చూడండి. తెల్లపొడి అంటితే ధర తగ్గించమనండి. తర్వాత టార్చి వేసి వాటర్ పంపు కింద కూలెంట్ కారుతోందేమో చూడండి.