ఐదు ఎండాకాలాలు, రెండు గూళ్లు: కుందేళ్ల గూడు కొన్నాక తెలిసినవి

ఆన్‌లైన్‌లో కుందేళ్ల గూళ్ల ఫోటోలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. పచ్చగడ్డి మీద రెండంతస్తుల చెక్క ఇల్లు, వాలు కప్పు, పక్కన చిన్న నిచ్చెన. 2021 జనవరిలో నేను కొన్నదీ అదే, 12,500 రూపాయలకు. అట్టపెట్టెలో ముక్కలుగా వస్తే పిల్లలూ నేనూ కూర్చుని స్క్రూలు బిగించుకున్నాం. సాయంత్రానికి ముద్దొచ్చేలా తయారైంది. మా అత్తమ్మ చుట్టూ తిరిగి చూసి, కప్పు మీద చెయ్యి పెట్టి, "గీ పెట్టెల ఎండకు ఉడుకుతయ్ బిడ్డా, చెవులపిల్లులు" అన్నది. నవ్వి ఊరుకున్నా.

మాది హనుమకొండ, నయీంనగర్ వైపు. ఇంటి వెనక కొంచెం జాగా, ఒక వేపచెట్టు, పక్కనే కాలువ. కుందేళ్లు రెండు: తెల్లది పత్తి, నల్లది బొగ్గు. పేర్లు పిల్లలవి. ఇప్పుడు రాస్తున్నది ఆ మొదటి గూడు గురించి, 2022 అక్టోబరులో చేయించిన రెండో గూడు గురించి. రెండోదానికి మూడేళ్లు నిండాయి, ఇంకా వాడుతున్నాం.

మొదటి గూట్లో ఏది ముందు చెడిందో చెప్పాలంటే కప్పే. ప్లైవుడ్ మీద తారు పూసిన అట్ట అతికించారు. వానా మంచూ ఎక్కువుండే దేశాలకు అది సరిపోతుందేమో. మనకు మార్చి చివరికే తారు మెత్తబడింది, వేలు పెడితే అంటుకుంది, గూడంతా రోడ్డు వేసిన వాసన. ఏప్రిల్‌లో పై అంతస్తులో చిన్న డిజిటల్ థర్మామీటర్ వేలాడదీశా. మధ్యాహ్నం రెండింటికి బయట నీడలో 42 ఉంటే లోపల 46 చూపించింది. పడుకునే గది అని రాసి ఉన్నది కూడా అక్కడే. మూడు పక్కలా చెక్క, ముందర చిన్న రంధ్రం. చలి నుంచి కాపాడడానికి కట్టిన గది అది. మనకు చలి ఒక లెక్క కాదు. డిసెంబరులో పొద్దున 12, 13 డిగ్రీలు ఉన్నా నా కుందేళ్లు గంతులేస్తూనే తిరిగాయి.

కుందేలుకు చెమట పట్టదు. కుక్కలాగ రొప్పి ఒళ్లు చల్లార్చుకోవడమూ సరిగా చేతకాదు. వేడి బయటికి పోవాలంటే చెవులే దిక్కు. 30 డిగ్రీలు దాటిందంటే దానికి ఇబ్బంది మొదలైనట్టే. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. 2021 మే చివర, రోహిణి కార్తె, లాక్‌డౌన్ రోజులు. మధ్యాహ్నం పడుకుని లేచి వెళ్లేసరికి పత్తి పక్కకు ఒరిగిపోయి ఉంది. మూతి తడిసి ఉంది, చెవులు పట్టుకుంటే కాలుతున్నాయి. ఫోన్‌లో దొరికిన డాక్టరు చెప్పినట్టు చెవులకు చల్లటి నీళ్లు అద్దాను. ఐసు పెట్టొద్దన్నారు, పెట్టలేదు. అరగంటే బతికింది, తర్వాత పోయింది. బొగ్గు మాత్రం కింది అంతస్తులో, మట్టిలో గుంత తవ్వుకుని పడుకుని ఉంది. అందుకే బతికింది.

అప్పటి నుంచి ఎవరు గూడు గురించి అడిగినా ముందు చెప్పేది ఒకటే. షాపులో ఏసీ కింద నిలబడి గూడు చూడొద్దు. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు మీ ఇంట్లో అది ఏ మూల ఉంటుందో, పడమటి ఎండ ఏ గోడ మీద పడుతుందో చూసుకుని అప్పుడు కొనండి. గూట్లో సగం నాణ్యత మీరు పెట్టే జాగాలోనే ఉంది.

మిగతా తప్పులు త్వరగా చెప్తా. నిచ్చెన మరీ నిటారుగా ఉండేది. బొగ్గు ఎక్కేది కాదు, నేనే ఎత్తి పెట్టేదాన్ని. 2021 వానలకు నేల చెక్క ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది, తలుపు మూసుకోవడం మానేసింది. కింద లాగే ట్రే ప్లాస్టిక్‌ది. అంచంతా బొగ్గు కొరికి రంపం పళ్లలాగ చేసింది. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, కొరకడం దాని తప్పు కాదు. ఇక జాలి. సన్నటి ఆరు మూలల కోడిజాలి, చెక్కకు పిన్నులతో కొట్టారు. ఒక రాత్రి పిల్లి పంజాతో లాగితే రెండు పిన్నులు ఊడొచ్చాయి. చప్పుడుకు మేం లేచాం కాబట్టి సరిపోయింది. ముందు తలుపుకు తిప్పే చెక్క బిళ్ల ఉండేది. దాన్ని పిల్లి తీయలేదు గానీ కోతి తీసింది. మా వాడకట్టులో కోతులు ఎంత తెలివైనవంటే ఫ్రిజ్ తలుపు కూడా తీస్తాయి. బొగ్గును ఏమీ అనలేదు పాపం, లోపలున్న క్యారెట్ తిని, గిన్నె పట్టుకుని గోడెక్కింది.

ఏడాదిన్నర అట్లాగే నెట్టుకొచ్చాం. పరకాల దగ్గర మా అత్తగారి ఊళ్లో పాత పెంకుటిల్లు విప్పినప్పుడు టేకు దర్వాజలు, దూలం ముక్కలు, గూనపెంకులు మిగిలాయి. అమ్మితే ఎంతొస్తుందో తెలీదు, ఇంటికి తెచ్చుకున్నాం. ఊళ్లో తెలిసిన వడ్లాయన, అంటే వడ్రంగి, వచ్చాడు. బొమ్మ గీసి చూపిస్తే కాసేపు చూసి, "అక్కా, గిది కుందేలుకా, కోడలుకా?" అన్నాడు. ఆయన కూలి, జాలి, మరమేకులు, తలుపు సామాను కలిపి 11,000 అయింది. కర్ర ఊరికే వచ్చింది కాబట్టి ఆ లెక్క. కొనాల్సి వస్తే ఇంత టేకు ఎవరూ పెట్టలేరు, పెట్టాల్సిన పని కూడా లేదు. ఎండిన వేప కర్రయినా సరిపోయేదని వడ్లాయనే చెప్పాడు.

రెండో గూడు పొడవు ఆరు అడుగులు, లోతు రెండున్నర, ఎత్తు రెండున్నర. అంతస్తు లేదు, నిచ్చెన గోల లేదు. వెనక, పడమర పక్క మాత్రమే చెక్క గోడ. మిగతా రెండు పక్కలు మొత్తం జాలి. ఒక చివర రెండడుగుల మేర మూసిన గది, దాని వెనక కూడా గాలికి పైన సందు. కప్పు మీద గూనపెంకులు. రేకు వేస్తే కాసేపట్లో పొయ్యి మీద పెనం అవుతుంది. పెంకుల సందుల్లోంచి వేడి పైకి పోతుంది. ఈ మే నెలలో అదే థర్మామీటర్ పెట్టి చూశా: బయట నీడలో 43, లోపల 40. మూడు డిగ్రీలేనా అనొచ్చు. మొదటి గూడు నీడకన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించేదని గుర్తుపెట్టుకుని చూడండి.

40 కూడా కుందేలుకు ప్రమాదమే, అందుకే గూడు ఒక్కటే సరిపోదు. మా ఇంట్లో పగిలిన రంజన్, అంటే మంచినీళ్ల మట్టి కుండ, ఒకటి ఉండేది. దాన్ని పక్కకు పడుకోబెట్టి, మూతి అంచులు రాయితో అరగదీసి లోపల పెట్టాం. పొద్దున పదింటికి, పన్నెండింటికి, రెండింటికి బయటివైపు నీళ్లు చిలకరిస్తా. బొగ్గు మధ్యాహ్నమంతా దాంట్లోంచి బయటికే రాదు. పక్కన ఒక షాబాద్ బండ కూడా వేశాం. పొట్ట ఆనించి, వెనక కాళ్లు బార్లా చాపి పడుకుంటుంది. నేను పెట్టిన వస్తువులన్నిటిలో దానికి బాగా నచ్చినవి ఈ రెండే. రెండూ కొన్నవి కావు. 44 దాటిన రోజుల్లో మాత్రం ఇంట్లో కూలర్ గదిలోకి తెస్తాం, అందులో మొహమాటం లేదు.

ఒక బుద్ధిలేని పని చేశా, అది మీరు చేయకండి. జాలికి తడి గోనెలు కట్టమని ఎవరో అంటే, ఏనుమాముల మార్కెట్ దగ్గర పాత గోనె సంచులు చవకగా తెచ్చా. తడిపి కట్టా. గంటలో బొగ్గు తుమ్ములు మొదలుపెట్టింది, ఆగవు. తర్వాత నాకూ మొదలయ్యాయి. అవి మిర్చి సంచులు! మూడుసార్లు ఉతికినా ఘాటు పోలేదు. చివరికి బియ్యం సంచులు కట్టుకున్నాం.

జాలి విషయంలో మాత్రం పైసలకు వెనకాడలేదు. అర అంగుళం గళ్ల వెల్డ్‌మెష్, జింకు పూతది, 16 గేజ్. షాపులో గేజ్ అంకె పెరిగితే తీగ లావు అనుకుంటారు చాలామంది. ఉల్టా. 16 కంటే 14 లావు, 18 సన్నం. బొటనవేలితో నొక్కితే లోపలికి వంగకూడదు, అదే పరీక్ష. మేం దాన్ని చట్రానికి లోపలివైపు బిగించాం. కుందేలు పళ్లకు టేకు అందదు. మీద చెక్క పట్టీ వేసి మరమేకులు పెట్టాం, పిన్నులు ఒక్కటి కూడా లేవు. ఈ మూడేళ్లలో పిల్లి వచ్చింది, ముంగిస వచ్చింది, ఒకసారి జెర్రిపోతు కప్పు మీద ఎండ కాగింది. లోపలికి ఏదీ రాలేదు. అంగుళం గళ్ల జాలి అయితే చవక, కానీ పాము పిల్ల దూరుతుంది, ఎలుక దూరుతుంది. తలుపుకు పైనా కిందా టవర్ బోల్టులు, వాటిలో ఒకదానికి చిన్న తాళం. తాళం దొంగల కోసం కాదని ఇప్పటికే అర్థమై ఉంటుంది.

నేల గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు దీంట్లోనే బోల్తా కొట్టిస్తారు. "కింద జాలి ఉంటే పెంటికలు వాటంతట అవే పడిపోతాయి, కడిగే పనే లేదు" అంటారు. నిజమే, పడిపోతాయి. కానీ కుక్కకు, పిల్లికి ఉన్నట్టు కుందేలు పాదానికి మెత్తలు ఉండవు, వెంట్రుకలే. రోజంతా తీగ మీద నిలబడితే మడమ దగ్గర వెంట్రుకలు ఊడి పుండ్లు పడతాయి. అవి అంత తొందరగా మానవు. అందుకే మేం అర అంగుళం సందుతో చెక్క పట్టీలు వేయించి, సగం నేల మీద రబ్బరు చాప, దాని మీద ఎండుగడ్డి పరిచాం. ఉచ్చ ఒక మూలే పోస్తుంది, ఆ మూలలో ట్రే పెట్టాం. పాలపొంగులాంటి తెల్లటి మరక గట్టిగా పట్టేస్తుంది. అది సున్నం. సబ్బుకు పోదు, వెనిగర్ పోసి పది నిమిషాలు ఆగితే పోతుంది. పెంటికలు నేరుగా మల్లె మొక్కలకు వేస్తున్నా, మాగబెట్టే పని లేదు.

కాళ్లు రెండున్నర అడుగుల ఎత్తు పెట్టించాం. వంగకుండా కడుక్కోవచ్చని అడిగాను, అంతే. కింద చీమలు ఎక్కకుండా కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టాం, మునుపు వంటింట్లో పెట్టుకున్నట్టు. 2023 జూలై 27న ఓరుగల్లును ముంచెత్తిన వాన గుర్తుంది కదా. కాలువ పొంగి మా వెనక జాగాలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. టార్చి వేసుకుని వెళ్తే బొగ్గు లోపల గడ్డి నములుతోంది, గూడు కింద మా చెప్పులు తేలుతున్నాయి. మొదటి గూడయితే కింది అంతస్తు మునిగేది.

ఇక రెండోదాంట్లో లోపాలు. బరువు. జరపాలంటే నలుగురు మగవాళ్లు కావాలి, అందుకే నాలుగు వైపులా ఊడ్చుకునేలా ముందే జాగా వదిలి పెట్టండి. కోతులు పెంకులు పీకుతాయి, మూడేళ్లలో తొమ్మిది మార్చాం. ఒకసారి పెంకు కింద తేలు కనిపించింది. వెనక్కి తిరిగి ఆలోచిస్తే పెంకుల కింద కూడా జాలి వేయించాల్సింది. ఉచ్చ పోసే మూలలో రెండు పట్టీలు టేకైనా సరే మెత్తబడి నల్లబడ్డాయి, ఈ ఉగాదికి మార్పించా. రంగు వేయలేదు, కొరికితే కడుపులోకి పోతుంది. ఏడాదికోసారి బయటివైపు పచ్చి అవిసె నూనె రాస్తాం. కాచిన నూనె అని డబ్బా మీద ఉంటే తీసుకోకండి, తొందరగా ఆరడానికి దాంట్లో ఏవో కలుపుతారు.

ఇంకొక సంగతి. ఆరడుగుల గూడు కూడా కుందేలుకు ఇల్లు కాదు, పడక గది. బ్రిటన్‌లో కుందేళ్ల సంక్షేమం చూసేవాళ్లు రెండు కుందేళ్లకు ఎప్పుడూ తిరగడానికి 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు కావాలంటారు. మన ఇళ్లలో అంత ఎక్కడిది అని నేనూ అన్నా. తర్వాత వేపచెట్టు కింద ఎనిమిదడుగులు ఆరడుగుల మేర జాలి కట్టాం. తవ్వి పారిపోకుండా జాలిని అడుగు లోతు పాతి లోపలివైపు మడిచాం. సాయంత్రం, పొద్దున అక్కడే. పత్తి పోయాక బొగ్గుకు తోడుగా 2022లో ఇంకో కుందేలును తెచ్చాం, పేరు జొన్న; దాన్ని మొదట అక్కడే బొగ్గుతో కలిపాం. వేప మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చినా ఉగాదికల్లా చిగురు పెడుతుంది, నడి ఎండాకాలానికి నీడ తయారు. గరిక కూడా అక్కడే మొలిచేది. ఇప్పుడు ఒక్క పోచ లేదు, వినాయక చవితికి పక్కింటి నుంచి తెచ్చుకున్నాం.

రెడీమేడ్‌దే కొనాలంటే, కప్పు మీద తారు అట్ట ఉంటే వదిలేయండి. రెండంతస్తులది వద్దు. ఎన్ని కేజీలో అడగండి. ఆరడుగుల గూడు ఒక్క చేత్తో లేస్తే అది చెక్క కాదు, అట్ట. ట్రే బయటికి లాగి అంచు చూడండి.

మొదటి గూడు పారేయలేదు. తారు అట్ట పీకేశాక అత్తమ్మ దాన్ని వరండాలో పెట్టించుకుంది. పై అంతస్తులో ఉల్లిగడ్డలు, కింద ఎల్లిగడ్డ. ఎవరైనా అడిగితే, "మంచిగ గాలాడుతది, ఒక్క గడ్డ మురుగలే. పన్నెండు వేలది గదా" అంటది.