చెన్నై–దుబాయ్ డైరెక్ట్ ఫ్లైట్: నెల్లూరోళ్ల లెక్క

ఫ్లైట్‌కి నాలుగు స్టార్లు ఇవ్వొచ్చు. గాల్లో దూరం సుమారు 2,900 కిలోమీటర్లు. దూరం చూపే యాప్‌లు దాన్ని వేగంతో భాగించేసి మూడున్నర గంటలంటాయి, నమ్మొద్దు. రన్‌వే దాకా పాకడం, ఎదురుగాలి కలిపితే పోయేటప్పుడు నాలుగు గంటల పైమాటే. వచ్చేటప్పుడు కాస్త తక్కువ. టికెట్ మీద 10:00కి బయల్దేరి 12:45కి దిగుతుందని ఉంటే సంబరపడకండి. అక్కడి టైమ్ మనకంటే గంటన్నర వెనక, కూర్చునేది 4:15 గంటలు.

అసలు చిక్కంతా రోడ్డుదే. నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టు ఉన్న మీనంబాక్కం దాదాపు 190 కిలోమీటర్లు. సూళ్లూరుపేట, తడ దాకా సాఫీ. రెడ్‌హిల్స్ దగ్గర లారీలు ఇరుక్కున్నాయా, గంట గోవిందా! చెకిన్ కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు. కాబట్టి పది గంటల ఫ్లైట్‌కి తెల్లవారుజామున మూడుకే కారెక్కాలి.