కిక్కు రాడ్డే గేరు రాడ్డు: నా పాత యెజ్డి

ఎన్ని సీసీలు, ఎన్ని సైలెన్సర్లు లాంటివి యెజ్డి మోటార్‌సైకిల్ గురించి చదవడానికి వచ్చినవాళ్లకు తెలిసే ఉంటాయి. నేను చెప్పేది ఎడమ కాలి దగ్గరుండే ఒక్క రాడ్డు గురించే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక దించితే గేరు. 1988లో నంద్యాలలో సెకండ్ హ్యాండ్ యెజ్డి రోడ్‌కింగ్ కొన్నప్పుడు అమ్మినాయన ఇంకో మాట చెప్పాడు: "క్లచ్చు పట్టకున్నా గేరు పడతాది." బేరానికి చెప్పే మాట అనుకున్నాను.

మరుసటేడు గిద్దలూరులో పెళ్లి చూసుకుని వస్తుంటే, నల్లమల ఘాటులో, పొద్దు వాలే వేళ, క్లచ్చు వైరు పుటుక్కున తెగింది. తప్పు నాదే. లివర్ దగ్గర పోగులు లేచి వేలికి గుచ్చుకుంటున్నా, రేపు చూద్దాంలే అంటూ వారం గడిపాను. దోవలో ఒక్క లారీ లేదు. మా ఆవిడ కుచ్చిళ్లు పైకి దోపుకుని, "నడుద్దామా?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయన మాట. ఈ బండికి గేరు రాడ్డు తొక్కితే లోపల క్లచ్చు కూడా దానంతటదే విడుతుంది. ఆవిణ్ణి ఎక్కమని, మొదటి గేరు తొక్కిపట్టి, రేజ్ చేస్తూ మెల్లగా కాలు వదిలాను. ఒక్క కుదుపు, బండి కదిలింది. గాజులపల్లె దగ్గర గేదెలు అడ్డొస్తే న్యూట్రల్ చేసి ఆగాను. మళ్లీ అలాగే. ఇంటికొచ్చాక చూసుకుంటే, ఆవిడ పట్టుకున్న చోట నా చొక్కా ముద్దయిపోయి ఉంది.

ఇంత పొగిడాను గానీ, ఇదంతా క్లచ్చు సెట్టింగు కుదిరినన్నాళ్లే. మా పాత మెకానిక్ పోయాక అది కుదిర్చేవాడు దొరకలేదు. పదేళ్లుగా నేనూ చేత్తోనే క్లచ్చు పడుతున్నాను. రాడ్డు సరిగ్గా లోపలికి నొక్కకుండా కిక్కు కొడితే జారి పిక్క మీద తగులుతుంది, మచ్చ ఇప్పటికీ ఉంది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ ఆయిలు కలపడం సరేసరి. మైలేజీ మాత్రం అడక్కండి.

2022లో యెజ్డి పేరుతో సెల్ఫ్ స్టార్టు బళ్లు వచ్చాయి. కొనిస్తానని మా అబ్బాయి అంటున్నాడు. రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లకు పాతది కొనమని నేను చెప్పను. నాకు పొద్దున్నే పాల కేంద్రం దాకా రెండు కిలోమీటర్లే పని. మోకాలు ఒప్పుకున్న రోజు యెజ్డి, ఒప్పుకోని రోజు మా ఆవిడ స్కూటీ.